పాత చెక్క నేలను శాండింగ్ చేసి పాలిష్ పట్టించడం ఎలా?

నేలను గరుకు కాగితంతో అరగదీసే మెషిన్ (శాండర్) తెచ్చుకునే ముందు చెక్క మందం చూడండి. గుమ్మం దగ్గరి పట్టీ ఊడదీస్తే పలక అంచు కనిపిస్తుంది. నిండు చెక్క పలక సాధారణంగా 19 మి.మీ. ఉంటుంది. అందులో అరగదీయడానికి పనికొచ్చేది పైనున్న 6 మి.మీ. మాత్రమే, ఆ కింద పలకల్ని కలిపే గాడి ఉంటుంది. ప్లైవుడ్ మీద అతికించిన పల్చటి పొరైతే, అదీ 2 మి.మీ.కి తక్కువైతే, డ్రమ్ శాండర్ (గరుకు కాగితం చుట్టిన డ్రమ్ తిరిగే పెద్ద మెషిన్) జోలికి పోవద్దు. పాత పెయింటు ఉంటే అందులో సీసం ఉందేమో ముందే పరీక్ష చేయించండి.

గది ఖాళీ చేసి తలుపు సందులకు ప్లాస్టిక్ షీట్ అంటించండి. మాస్కు తప్పనిసరి. పైకి లేచిన మేకుల్ని పంచ్ (మేకు తల మీద పెట్టి సుత్తితో కొట్టే ఇనప కడ్డీ) పెట్టి 3 మి.మీ. లోపలికి దించండి. ఒక్క తల మిగిలినా పేపర్ చిరుగుతుంది, నిప్పురవ్వ లేస్తే మెషిన్ సంచిలో చేరిన పొట్టు అంటుకోవచ్చు.

మొదట 40 నంబరు గరుకు పేపర్, తర్వాత 60, 80, చివర 100; నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. పాత పాలిష్ పల్చగా ఉంటే 60తోనే మొదలుపెట్టొచ్చు. మధ్యలో మాత్రం నంబరు ఎగరగొట్టకండి. 40 వేసిన గీతల్ని 100 తీయలేదు, పైపైన నున్నన చేస్తుందంతే. పాలిష్ తడి తగలగానే అవన్నీ బయటపడతాయి, పని మళ్లీ మొదటికొస్తుంది.

డ్రమ్ తిరుగుతుండగా మెషిన్ క్షణం ఆగినా నేలలో గుంట పడుతుంది. కాబట్టి ముందు నడవండి, ఆ తర్వాతే డ్రమ్ దించండి. గోడ దగ్గర ఆగబోయే ముందే ఎత్తేయండి. చెక్క నార వెంట, దుక్కిలో చాలు పక్కన చాలులా, ప్రతి వరసా పాత వరస మీదికి సగం ఎక్కాలి. నంబరు మార్చినప్పుడల్లా నేల మీద పెన్సిల్‌తో లేతగా గీతలు గీయండి. శాండింగ్ అయ్యాక గీత మిగిలిన చోట పేపర్ తగల్లేదని అర్థం. గోడ అంచులకు ఎడ్జర్‌తో (అంచులు అరగదీసే చిన్న మెషిన్) అదే నంబరు పేపర్, మూలలకు చేత్తో గీకే స్క్రేపర్ వాడండి.

80 అయ్యాక వచ్చిన మెత్తటి పొట్టును ఫిల్లర్ ద్రవంలో (పొట్టును అంటించి గట్టిపరిచే ద్రవం) లప్పంలా కలిపి సన్న సందుల్లో నింపండి. వెడల్పు సందుల్లో నిలవదు, చెక్క ఉబ్బి కుంచించుకున్నప్పుడల్లా ఊడిపోతుంది. లప్పం ఆరాక 100 పట్టించి, రెండుసార్లు వాక్యూమ్ చేయండి.

పాలిష్‌గా నీటి ఆధారిత పాలీయురెథేన్ (నేల మీద గట్టి పారదర్శక పొరలా ఆరే వార్నిష్) మూడు కోట్లు చాలు. డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చి, కోటుకీ కోటుకీ మధ్య 220తో తేలిగ్గా రుద్ది దుమ్ము తుడవండి. నూనె రకం వాడితే తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి పడేయకండి, వాటంతటవే మండొచ్చు. మూత ఉన్న ఇనప డబ్బాలో నీళ్లు పోసి అందులో వేయండి. సామాను మూడు రోజులాగి ఎత్తి పెట్టండి, ఈడ్చొద్దు. తివాచీ పరచడానికి కనీసం రెండు వారాలు ఆగాలి.