డైలాగ్ లేని మొదటి 70 సెకన్లు: షార్ట్ ఫిల్మ్ ఓపెనింగ్‌లో మూడ్ ఎలా తేవాలి

ఓపెనింగ్ అనగానే చాలామంది ముందు రాసుకునేది డ్రోన్ షాట్. పైనుంచి ఊరు, వెనక వయొలిన్. దాంతో ఊరు ఎలా ఉంటుందో తెలుస్తుంది, అంతే. ఆ ఊళ్లో ఏదో జరగబోతోందన్న గుబులు మాత్రం చూసేవాడికి పట్టదు. గుబులు పట్టేది ముందు చెవికే. అందుకే షాట్లు రాసే ముందు శబ్దాలు రాసుకోండి.

హాలీవుడ్ దర్శకుడు ఆర్సన్ వెల్స్ తీసిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ ఓపెనింగ్‌ని రెండు రూపాల్లోనూ చూస్తే ఈ మాట ఎందుకన్నామో అర్థమవుతుంది. ఒకడు కారు డిక్కీలో టైం బాంబు పెడతాడు. అక్కడి నుంచి క్రేన్ మీద కెమెరా సరిహద్దు ఊరి వీధుల్లో ఆ కారుని వెంబడిస్తూ, మూడు నిమిషాలకు పైగా ఒక్క కట్ లేకుండా సాగుతుంది. 1958లో స్టూడియో ఆ షాట్ మీద టైటిల్స్ వేసి, హెన్రీ మాన్సినీ సంగీతంతో విడుదల చేసింది. స్టూడియో కూర్చిన ఎడిట్ చూసి వెల్స్ 58 పేజీల మెమో రాశాడు. దాని ఆధారంగా 1998లో ఎడిటర్ వాల్టర్ మర్చ్ సినిమాని మళ్లీ ఎడిట్ చేశాడు. టైటిల్స్ తీసేశాడు. మాన్సినీ సంగీతం బదులు వీధి బార్లలోంచి, కారు రేడియోలోంచి వచ్చే పాటలు పెట్టాడు. షాట్ అదే, కానీ ఇప్పుడు కారు రేడియో వినిపించిన ప్రతిసారీ బాంబు దగ్గరికొచ్చిందని ఒళ్లు జలదరిస్తుంది. రెండూ తెచ్చుకుని ముందు చూడండి, తర్వాత కళ్లు మూసుకుని వినండి.

ఇక చేతిలో ఒక కెమెరా, ఒక రికార్డర్ ఉన్నవాళ్లు తీయగలిగిన సీన్ ఒకటి తీసుకుందాం. తెల్లవారుజాము నాలుగు గంటలు. రాత్రి ఇంటికి రాని కొడుకు కోసం తల్లి కుర్చీలో కూర్చుని ఉంది. కావలసిన మూడ్ ఒక్కటే: ఆదుర్దా. శబ్దాలు మూడే: టక్ టక్‌మనే సీలింగ్ ఫ్యాన్, దూరంగా ఒక కుక్క, ఒక బైక్. నాలుగోది చేర్చాలనిపిస్తే మూడింటిలో ఒకటి తీసేయండి.

షాట్ల లెక్క ఇది. మొదట 6 సెకన్లు నల్ల తెర, ఫ్యాన్ చప్పుడు మాత్రమే. తర్వాత 12 సెకన్లు, నేల మీద మూత పెట్టిన కంచం క్లోజప్. మూత అంచు దగ్గర చీమల బారు. ఎవరో తినాల్సిన అన్నం రాత్రంతా అలాగే ఉందని ఆ చీమలే చెబుతాయి, గోడ గడియారం చూపించే పని లేదు. ఆ తర్వాత 24 సెకన్లు, లోపలి గది చీకట్లోంచి గుమ్మం గుండా తల్లి వీపు. పిదప 10 సెకన్లు గేటు, దాని గడియ. బైక్ చప్పుడు దగ్గరవుతుంది. తర్వాత 10 సెకన్లు తల్లి ముఖం. చివర 8 సెకన్లు టైటిల్.

24 సెకన్ల షాట్‌లో కెమెరా ముందుకు కదలాలి, కానీ కదులుతున్నట్టు తెలియకూడదు. మొత్తం మీద 40 సెంటీమీటర్లు చాలు, 60 సెంటీమీటర్ల స్లైడర్ (కెమెరాని జార్చే పట్టా) సరిపోతుంది. జూమ్ వాడకండి. జూమ్ చేస్తే గుమ్మం, తల్లి ఒకే నిష్పత్తిలో పెద్దవవుతారు. కెమెరానే కదిలితే దగ్గరగా ఉన్న గుమ్మం త్వరగా ఫ్రేమ్ దాటిపోతుంది, మనమే చీకట్లోంచి ఆమె దగ్గరికి వెళ్తున్నట్టు ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకైతే 35 ఎంఎం లెన్స్ పెట్టండి. 85 పెట్టి అదే ఫ్రేమ్ కోసం వెనక్కి జరిగితే, అంత చిన్న కదలికకి ఫలితమే ఉండదు. స్లైడర్ కదలిక మొదలయ్యాక రెండు మూడు సెకన్లకి గానీ యాక్షన్ చెప్పకండి. మొదట్లో వచ్చే కుదుపు ఎడిట్‌లో కోసేయొచ్చు.

బైకే ఈ సీన్‌కి ఆయువుపట్టు. దూరం నుంచి రావాలి, ఇంటి ముందు నెమ్మదించాలి, ఆగకుండా వెళ్లిపోవాలి. నెమ్మదించిన ఆ రెండు సెకన్లలో తల్లి కుర్చీలోంచి సగం లేస్తుంది. చప్పుడు దూరమయ్యాక మళ్లీ కూర్చుంటుంది. తెర మీద బైక్ కనిపించక్కర్లేదు, చప్పుడు చాలు. హెడ్‌లైట్ బదులు కిటికీ బయట ఒకరు పెద్ద ఎల్‌ఈడీ టార్చ్ పట్టుకుని ఎడమ నుంచి కుడికి నడిస్తే, ఊచల నీడ ఆమె ముఖం మీదుగా గోడ మీదికి జారుతుంది. సౌండ్ కూడా అదే వైపు కదలాలి. వెలుగు ముఖం మీద నిండుగా పడిన క్షణంలోనే చప్పుడూ పెద్దదిగా ఉండాలి. అర సెకను తేడా వచ్చినా అది టార్చ్ అని పట్టేస్తారు.

లైటింగ్‌లో ఎక్కువమంది చేసే తప్పు రాత్రి కదా అని మొత్తం చీకటి చేయడం. అప్పుడు నీడల్లో గ్రెయిన్ (సన్నటి చుక్కలు) లేస్తుంది, యూట్యూబ్‌లోకి ఎక్కించాక నల్లటి గోడ గడులు గడులుగా పగులుతుంది. చీకటి చీకటిలా కనిపించాలంటే ఫ్రేమ్‌లో ఎక్కడో ఒక వెలుగు ఉండాలి. దేవుడి గూట్లో చిన్న బల్బు వెలిగించి, ముఖాన్ని మామూలు ఎక్స్‌పోజర్ కంటే ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగం) తక్కువలో ఉంచండి. కెమెరాలో రంగు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ని 4000 కెల్విన్ దగ్గర లాక్ చేస్తే పసుపు బల్బు వెచ్చగా, బయటి ట్యూబ్‌లైట్ నీలంగా వస్తాయి. ఆటో మోడ్‌లో వదిలేస్తే టార్చ్ పడగానే షాట్ మధ్యలో రంగు మారిపోతుంది.

ఫ్రేమ్ రేటు సెకనుకు 24, షట్టర్ 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 1/50 గానీ 1/100 గానీ పెడితే ఆ మినుకు పట్టుబడదు, 1/60 పెడితే ఫ్రేమ్ మీద చారలు పాకుతాయి. చవక ఎల్‌ఈడీలకి ఈ లెక్క పనిచేయకపోవచ్చు, ముందు రోజే పది సెకన్లు తీసి చూసుకోండి.

షూటింగ్ సమయంలో ఫ్యాన్ ఆపేయండి. దాని చప్పుడు విడిగా, మైక్ అడుగు దూరంలో పెట్టి రెండు నిమిషాలు రికార్డ్ చేయండి. ఫ్యాన్ టేక్‌లోనే ఉంటే ప్రతి కట్ దగ్గరా టక్ టక్ లయ తప్పుతుంది. ఆ పైన అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం గది నిశ్శబ్దం రికార్డ్ చేయండి, ఎడిట్‌లో ఖాళీల కింద వేయడానికి. హోరు పడకుండా ఫ్రిజ్ ఆపాల్సి వస్తే బండి తాళాలు అందులోనే పెట్టండి. వెళ్లేటప్పుడు తాళాల కోసం ఫ్రిజ్ తెరుస్తారు, ఆన్ చేయడం గుర్తొస్తుంది.

భయం కోసం గంభీరమైన బేస్ మ్యూజిక్ కింద వేయడం అందరికీ అలవాటు. ఫోన్ స్పీకర్ అంత కింది స్థాయి శబ్దాన్ని పలికించలేదు. హెడ్‌ఫోన్స్‌లో గుండె అదిరినది ఫోన్‌లో శూన్యం. ఫ్యాన్ టక్ టక్ మాత్రం ఏ స్పీకర్‌లోనైనా వినిపిస్తుంది. మిక్స్ పూర్తయ్యాక తప్పకుండా ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినండి.

టైటిల్ పడేటప్పుడు ఫ్యాన్ చప్పుడు ఒక్కసారిగా ఆగిపోవాలి. అక్షరాల విషయంలో ఒక జాగ్రత్త: కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి పక్కకి వచ్చేస్తాయి. టైటిల్‌ని వేరేచోట సరిగ్గా తయారుచేసి పీఎన్‌జీ బొమ్మగా తెచ్చుకోవడం మేలు. సన్నటి ఫాంట్ వద్దు, ఫోన్‌లో తలకట్లు మాయమవుతాయి. రెండు వరసలైతే మధ్య ఖాళీ పెంచండి, లేకపోతే పై వరస ఒత్తులు కింది గుడుల మీద కూర్చుంటాయి. టైటిల్‌ని నిదానంగా రెండుసార్లు పైకి చదవండి. ఆ 8 సెకన్లలో, చదవడానికి ఎంతసేపు పడితే అంతసేపే అక్షరాలు తెర మీద ఉంచండి.