ఎడిటర్ సెట్టింగ్స్ కొత్త ఓఎస్‌కి తెచ్చాక ఎందుకు మొరాయిస్తాయి?

విండోస్ నుంచి లినక్స్‌కో మ్యాక్‌కో మారి, ఏళ్ల తరబడి కుదుర్చుకున్న కోడ్ ఎడిటర్ సెట్టింగ్స్ కాపీ చేశారు. ఎడిటర్ తెరిస్తే ఏదో తేడా. ఫైల్ పాడైందనుకుని మళ్లీ మొదటినుంచీ రాయడానికి కూర్చోకండి. చాలాసార్లు తప్పు ఫైల్‌ది కాదు, పాత ఓఎస్‌ని నమ్ముకుని అందులో రాసిన నాలుగు ముక్కలది.

ఎడిటర్ కొత్తగా వేసినట్టే తెరుచుకుంటోంది

ఫైల్ చోటు తప్పింది. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ సెట్టింగ్స్ విండోస్‌లో యాప్‌డేటా కింద రోమింగ్‌లో, మ్యాక్‌లో లైబ్రరీ కింద అప్లికేషన్ సపోర్ట్‌లో, లినక్స్‌లో కాన్ఫిగ్ అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి. వెతుక్కునే బాధ ఎందుకు? కమాండ్ ప్యాలెట్‌లో (కమాండ్లు వెతికి నడిపే పెట్టె) ‘ఓపెన్ యూజర్ సెట్టింగ్స్ జేసన్’ ఎంచుకుంటే అసలు ఫైలే తెరుచుకుంటుంది, పాతది అందులో అతికించండి.

విమ్ అనే మరో ఎడిటర్‌లో ఫైల్ పేరే మారుతుంది. విండోస్‌లో దాని సెట్టింగ్స్ ఫైలైన విమ్‌ఆర్‌సీ ముందు అండర్‌స్కోర్ పెట్టడం అలవాటు, మిగతా చోట్ల చుక్క ఉండాలి. విమ్‌ఫైల్స్ ఫోల్డర్‌ని కూడా చుక్క విమ్‌గా మార్చాలి. అనుమానముంటే విమ్‌లోనే కోలన్ కొట్టి వెర్షన్ అని టైప్ చేయండి, ఏ ఫైల్ కోసం వెతుకుతోందో అదే చెబుతుంది.

విమ్ తెరవగానే వరసగా ఈ492 ఎర్రర్లు, పక్కన టోపీ గుర్తుతో ఎమ్ అక్షరం

కంటికి కనపడని అక్షరం చేసే అల్లరి ఇది. విండోస్ ప్రతి లైను చివరా 13, 10 అనే రెండు కోడ్‌లు పెడుతుంది. లినక్స్‌కి 10 ఒక్కటే చాలు. టైప్‌రైటర్ క్యారేజీని వెనక్కి లాగే కాలం నాటి ఆ 13ని లినక్స్‌లో విమ్ కమాండ్‌లో భాగమనుకుని తికమకపడుతుంది.

ఆ ఫైల్‌నే విమ్‌లో తెరిచి, ఫైల్‌ఫార్మాట్‌ని యూనిక్స్‌కి సెట్ చేసి సేవ్ చేయండి. అయినా ఎమ్‌లు కనిపిస్తున్నాయంటే కొన్ని లైన్లు అలా, కొన్ని ఇలా ఉన్నాయని అర్థం. అప్పుడు లైను చివరలు మార్చే డాస్‌టుయూనిక్స్ టూల్ నడపండి. సెట్టింగ్స్‌ని గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే టూల్) పెట్టుకునేవారికి ఇది మళ్లీ మళ్లీ వస్తుంటే విండోస్ మెషీన్‌లో లైను చివరలు మార్చే ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ అనే గిట్ సెట్టింగ్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్‌లో విమ్‌ఆర్‌సీకి ఎల్‌ఎఫ్ (అంటే 10 ఒక్కటే) అని ఖాయం చేస్తే పీడ విరగడవుతుంది.

థీమ్ వచ్చింది, టెర్మినల్ మాత్రం తెరుచుకోదు, పైథాన్ దొరకదంటోంది

సెట్టింగ్స్‌లో సీ డ్రైవ్ కోసం వెతకండి. దాంతో మొదలయ్యే ప్రతి పాత్ (ఫైల్ చిరునామా) ఇక్కడ చెల్లని నాణెమే. ముందు ఆ లైన్లు తీసేసి చూడండి, చాలావాటిని ఎడిటర్ తనే కనుక్కుంటుంది. టెర్మినల్‌కైతే వీఎస్ కోడ్‌లో విండోస్, లినక్స్, మ్యాక్‌లకు వేరువేరు సెట్టింగ్స్ ఉన్నాయి, మూడూ ఒకే ఫైల్‌లో ఉంచుకోవచ్చు.

షార్ట్‌కట్లు రాలేదు

వీఎస్ కోడ్‌లో మెషీన్ల మధ్య సెట్టింగ్స్ కలిపే సెట్టింగ్స్ సింక్ వాడితే ఇది లోపం కాదు. మామూలుగా అది షార్ట్‌కట్లను ఒక్కో ఓఎస్‌కి విడిగా దాస్తుంది. ఆపేయవచ్చు కానీ ఆపొద్దనే అంటాను: మ్యాక్‌లో చెయ్యి కమాండ్ కీ మీదకు పోతుంది, ఫైల్‌లో కంట్రోల్ ఉంటుంది. కావలసినవి చేత్తో మార్చుకోవడమే మేలు.

అక్షరాలు వేరేగా ఉన్నాయి

కన్సోలాస్ విండోస్‌తో వచ్చే ఫాంట్. ఫాంట్ సెట్టింగ్‌లో దాని తర్వాత కామా పెట్టి మెన్లో, మోనోస్పేస్ చేర్చండి.

ఎక్స్‌టెన్షన్ ఉంది, పనిచేయదు

ఎడిటర్‌కి అదనపు పనులు చేర్చే ఎక్స్‌టెన్షన్ల ఫోల్డర్ మొత్తం కాపీ చేసి ఉంటారు. కొన్నింటిలో పాత ఓఎస్‌కి తయారైన ప్రోగ్రామ్‌లు ఉంటాయి. ఆ ఫోల్డర్ తీసేసి, పేర్ల జాబితా మాత్రం తెచ్చుకుని ఇక్కడ కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి.