ఎకిడ్నా కనిపిస్తే పరుగెత్తకండి

ఆస్ట్రేలియా పల్లెల్లో ఉంటున్న మనవాళ్లకి ఒక మాట. పెరట్లో చీమల పుట్ట దగ్గర ఎకిడ్నా (ఒంటి మీద ముళ్లుండే, చీమలు తినే చిన్న జంతువు) కనిపిస్తే ఫోన్ పట్టుకుని పరుగెత్తకండి. అడుగుల అదురు తెలిసిందంటే ఉన్నచోటే మట్టిలోకి దిగిపోతుంది, పైకి ముళ్లే కనిపిస్తాయి. అప్పుడు తవ్వి తీయడం, పుల్లతో పొడవడం అసలు చేయకండి, పాపం. కుక్కను కట్టేసి, ఐదారు మీటర్ల దూరంలో, గాలి దాని వైపు నుంచి మీ వైపు వీచేచోట నేల మీద కూర్చోండి. దాని చూపు అంతంత మాత్రమే. మీరు కదలకపోతే కాసేపటికి ముక్కు బయటపెట్టి మళ్లీ చీమల వేటలో పడుతుంది. మా ఇంటి దగ్గర ఒకటి నా బూటు దాకా వచ్చి వాసన చూసి వెళ్లింది! ఫ్లాష్ ఆపేసి, ఫోన్‌ను నేలకు ఆనించి తీయండి. ముక్కుకు అంటిన మట్టి కూడా ఫొటోలో కనిపిస్తుంది.