గుట్ట మీది సీతాఫలాలను ఇంటిల్లిపాది కోసుకొచ్చే తీరు

భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ పేర్చినప్పటి నుంచి దీపావళి నోముల దాకా, అంటే సుమారుగా సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ మొదటి వారాల వరకు, వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల రాళ్లగుట్టల మీద సీతాఫలాలు కోతకు వస్తాయి. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు తేవడానికి పోయే దారీ సీతాఫలాలకు పోయే దారీ ఒకటే కావడం వల్ల మా కుటుంబంలో తాతల నాటి నుంచి ఆ రెండు పనులూ కలిసే జరుగుతున్నాయి. దసరా సెలవులకు మేనత్తలు, చిన్నాయనలు పిల్లలతో వచ్చేదే దీని కోసమన్నంతగా అది మాకు స్థిరపడిపోయింది. ఈ ఆనవాయితీని కొత్తగా మొదలుపెట్టాలనుకునేవారి కోసమూ, మధ్యలో ఆగిపోయినదాన్ని మళ్లీ నిలబెట్టుకోవాలనుకునేవారి కోసమూ ఇది రాస్తున్నాను. అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని ముందే చెప్పాలి. కండ్లు, అంటే తొక్క మీది ఉబ్బెత్తులు, తేలిన కాయను మాత్రమే కోయాలి, తేలని కాయను చెట్టుకే వదిలి మరో వారం మళ్లీ రావాలి.

మొదట ఎక్కడికి పోవాలన్నది తేల్చుకోవాలి. సీతాఫలం అమెరికా ఖండపు ఉష్ణమండలం నుంచి వచ్చిన చెట్టే అయినా, పలుచని మట్టి, రాతి నేల, ఎండాకాలపు కరువు దానికి చక్కగా సరిపడడం వల్ల, పైగా దాని ఆకును మేకలు ముట్టకపోవడం వల్ల మన గుట్టల మీద నాటినవారు లేకుండానే వ్యాపించింది. అంతమాత్రాన ప్రతి గుట్టా అందరిదీ అనుకోకూడదు. పట్టా భూమి అయితే యజమానిని, ఊరి గుట్ట అయితే గ్రామ పంచాయతీ వారిని, రిజర్వు అడవి అయితే అటవీ శాఖ బీట్ అధికారిని ముందుగా అడగాలి. ఆ ఏడు కాయను ఎవరికైనా గుత్తకిచ్చారేమో కూడా అప్పుడే కనుక్కోవాలి. పాకాల, ఏటూరునాగారం అడవులు వన్యప్రాణి అభయారణ్యాలు కాబట్టి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడి నుంచి కాయలు తేవడం నేరమవుతుంది. ఆ వైపు ఆలోచనే పెట్టుకోవద్దు. ఇంకొక మాట కూడా మనసులో ఉంచుకోవాలి. గంపల్లో సీతాఫలాలు తెచ్చి రోడ్ల వెంట కూర్చొని అమ్ముకునే మహిళలకు ఈ నెలన్నరే ఆదాయపు కాలం. వారు రోజూ కోసుకునే వైపును వారికే వదిలి, మనం మరో వైపు ఎక్కడమే న్యాయం.

మంచు ఆరిన తర్వాత, ఎండ ముదరక ముందు పోవడం మంచిది. తడిసిన కాయను గంపలో వేస్తే మాగేలోపే బూజు పడుతుంది. కాబట్టి రాత్రి వాన కురిసి ఉంటే ఆ రోజు ప్రయాణాన్ని మానుకోవడమే మేలు. తెల్లవారుజామున, మునిమాపున పోకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఉత్తర తెలంగాణలోని పలు గుట్టల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, అవి ఆహారం వెతుక్కునేది ఎక్కువగా ఆ వేళల్లోనే. వానాకాలపు గడ్డి ఇంకా మోకాలెత్తున ఉంటుంది కనుక పాముల భయం కూడా తప్పదు. అందరూ బూట్లు, నిండు ప్యాంట్లు వేసుకోవాలి. చేతికర్ర ఉన్న పెద్దవారు గడ్డిని కదిలిస్తూ ముందు నడవాలి, పిల్లలు వెనుక రావాలి. రాళ్ల సందుల్లోకి చేతులు పెట్టకూడదు. పాము కరిస్తే కట్లు, కోతలు, నాటు మందుల జోలికి పోకుండా, కరిచిన అవయవాన్ని కదలనీయకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గుట్ట ఎక్కే ముందు గొర్లకాపరి ఎవరైనా కనబడితే ఒక్క నిమిషం ఆగి పలకరించడం ఎంతో ఉపకరిస్తుంది. "తాతా, ఇటు పోవచ్చునా?" అని అడిగితే చాలు. "ఆ పెద్దబండ కింద తేనెతుట్టె ఉన్నది బిడ్డా, ఇటు నుంచి పోండ్రి" అన్న జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఇక కాయను గుర్తుపట్టడం. సీతాఫలం తొక్క మీద ఉబ్బెత్తుగా కనబడేవే కండ్లు. లేత కాయలో కండ్లు చిన్నగా, ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి, వాటి మధ్య గీతలు ముదురు ఆకుపచ్చగా, సన్నగా ఉంటాయి. లోపల గుజ్జు నిండుతున్న కొద్దీ కండ్లు పెద్దవై ఎడమవుతాయి, మధ్య గీతలు, అంటే గాళ్లు, వెడల్పై మీగడ రంగుకో లేత పసుపుకో తిరుగుతాయి, కాయ మొత్తం మీద ఆకుపచ్చ తేలికపడుతుంది. ఇట్లా మారిన కాయే కండ్లు తేలిన కాయ. దాన్ని నొక్కి చూడవలసిన పని లేదు, చూపుతోనే తెలుస్తుంది. పరిమాణాన్ని బట్టి మాత్రం ఎప్పుడూ నిర్ణయించకూడదు, ఎందుకంటే నీళ్లు అందే చోట ఉన్న చెట్టు మీద పిడికిలికి మించిన కాయ లేతగానే ఉండవచ్చు, బండ మీద పెరిగిన చెట్టు మీద నిమ్మకాయంత కాయ పూర్తిగా పక్వానికి వచ్చి ఉండవచ్చు. లేత కాయను కోస్తే ఎన్నాళ్లు దాచినా పండదు. గట్టిగా నల్లబడి, ముడుచుకుపోయి, పారేయవలసి వస్తుంది. ఆ కాయను చెట్టుకు వదిలేసి ఉంటే మనకు కాకపోయినా మరొకరికో, పిట్టకో, ఉడుతకో దక్కేది. సంచి నిండాలన్న ఆరాటంతో చెట్టును దులిపేయడం నాకు ఎప్పటికీ మింగుడుపడని పని.

ఒకే కొమ్మ మీద ఒక కాయ తేలి, పక్క కాయ లేతగా ఉండడానికి కారణం పూత ఒకేసారి రాకపోవడమే. ఎండాకాలం చివర చిగురుతో మొదలై వానాకాలం నడుమ దాకా చెట్టు విడతలు విడతలుగా పూస్తుంది, పువ్వు నుంచి కోతకు సుమారు 4 నెలలు పడుతుంది. అందువల్లనే ఒక చెట్టు దగ్గరికి వారం, పది రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పోవలసి ఉంటుంది. ఈ ఆనవాయితీ ఒక్కరోజు విహారంగా మిగలకుండా ఒక కాలమంతా సాగే ఇంటిపనిగా మారేది కూడా ఇందువల్లనే అని నా అభిప్రాయం. మా ఇంట్లో మొదటి విడత ఎంగిలిపూల తర్వాత, రెండవది సద్దుల బతుకమ్మకు ముందు, చివరిది దీపావళికి ముందు పడుతుంది. కాయలు చూపించే పనిని పిల్లలకే అప్పగించాలి. పెద్దవారు ప్రతి కాయ దగ్గరా "ఇది కోయొచ్చునా బిడ్డా?" అని అడిగి, వాళ్లు అవునన్నా కాదన్నా ఎందుకో చెప్పించాలి. రెండు గంటలు ఇట్లా తిరిగితే ఎనిమిదేళ్ల పిల్ల కూడా గాళ్ల రంగును బట్టి తేల్చి చెప్పగలుగుతుంది.

నల్లగా ఎండి కొమ్మకే వేలాడే కాయలను ముట్టకూడదు, వాటిని మంచి కాయలతో కలపకూడదు. కండ్ల సందుల్లో దూదిలా తెల్లగా కనబడేది పిండినల్లి, దాని తీపి స్రావం కోసం చీమలు చేరుతాయి. కాయ బాగుంటే తీసుకొని, ఇంటి దగ్గర మెత్తని బ్రష్షుతో తుడిచి వాడుకోవచ్చు. వాన తర్వాత పగిలిన కాయలను, చెట్టు మీదే మెత్తబడ్డ పండ్లను అక్కడికక్కడే తినాలి లేదా పక్షులకు వదలాలి, అవి ఇంటి దాకా నిలవవు.

కోసేటప్పుడు కాయను పట్టి లాగితే తొడిమ లోపలి నుంచి ఊడి వచ్చి అక్కడ గుంట పడుతుంది, కుళ్లు మొదలయ్యేది ఆ గుంటలోనే. కత్తెరతోనో చిన్న కొడవలితోనో తొడిమను కాస్త ఉంచి కోయడం అన్నిటికంటే మంచిది. ఏదీ లేకపోతే ఒక చేత్తో కొమ్మను పట్టుకొని మరో చేత్తో కాయను మెల్లగా మెలితిప్పాలి. చెట్లు పొట్టివి కాబట్టి చాలా కాయలు చేతికే అందుతాయి. పై కొమ్మలకు దోటి వాడవచ్చు గానీ కాయ కింద పడకుండా కింద ఇద్దరు దుప్పటి పట్టుకొని నిలబడాలి. కొమ్మను వంచి విరిచే అలవాటును పిల్లల్లో మొదటి రోజే మాన్పించాలి. వచ్చే ఏటి పూత ఆ కొమ్మ చిగుళ్ల మీదే రావాలి.

తేవడానికి వెదురు గంపలు, తట్టలు సరైనవి. ప్లాస్టిక్ సంచిలో కాయలు ఒకదానికొకటి ఒరుసుకొని కండ్లు నలుగుతాయి, గాలి ఆడక చెమ్మ పడుతుంది. గంప అడుగున సీతాఫలం ఆకులే మందంగా పరిచి, కాయల మధ్య కూడా ఆకులు వేస్తూ, మూడు వరుసలకు మించకుండా సర్దాలి.

మాగబెట్టడం ఇంట్లో పెద్దవారి పని. మా నాయనమ్మ ఈ పనిని ఎవరికీ వదలదు, అది సరైనదేనని ఏటేటా రుజువవుతూ ఉంటుంది. ముందుగా కాయలను నీడన పరిచి గంటసేపు ఆరనిచ్చి, దెబ్బతిన్నవాటిని వేరు చేయాలి. గంపలో పొడి వరిగడ్డి పరిచి, తొడిమలు పైకి వచ్చేలా కాయలు పేర్చి, మళ్లీ గడ్డి కప్పి, పైన గోనెపట్టా వేయాలి. గాలి పూర్తిగా ఆగకూడదు, వేడి మాత్రం నిలవాలి. పండ్లు మాగేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వెలువడుతుంది, ఒక పండు నుంచి వచ్చిన ఆ వాయువు పక్క కాయను కూడా పండిస్తుంది. గంపలో మాగిన అరటిపండు ఒకటి పెట్టడం వెనుక ఉన్న సంగతి ఇదే. కండ్లు బాగా తేలిన కాయలు రెండు మూడు రోజుల్లో, అప్పుడప్పుడే తేలినవి నాలుగైదు రోజుల్లో మెత్తబడతాయి. రెండో రోజు నుంచి ప్రతి ఉదయం గడ్డి తీసి, తొడిమ పక్కన బొటనవేలితో మెల్లగా తాకి చూడాలి. చెవి తమ్మెలా వంగితే అది ఆ రోజే తినవలసిన పండు. పూట ఆలస్యమైతే తొక్క చిట్లి గుజ్జు జారిపోతుంది. తొక్క కొంచెం నల్లబడినంత మాత్రాన పండు చెడినట్టు కాదు, పులిసిన వాసన వస్తేనే పారేయాలి. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం ఆహార భద్రత నియమాల ప్రకారం నిషిద్ధం, పక్వమైన కాయకు దాని అవసరం ఏ విధంగానూ రాదు. పండని కాయను ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చలికి తొక్క నల్లబడి ఆ తర్వాత సరిగా మాగదు. మాగిన పండును మాత్రం ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు.

మాగిన పండ్లు నిలవవు కనుక పంచడాన్ని కూడా పనిలో భాగంగానే చూడాలి. ఏ రోజు ఎన్ని పండుతాయో మొదటి రోజే అంచనా వేసి, ఆడపడుచుల ఇళ్లకు, వాడకట్టువారికి కాయలుగానే పంపితే వారి ఇంట మాగుతాయి. మెత్తబడిన పండును ప్రయాణం చేయించకూడదు. మధుమేహం ఉన్నవారికి ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పాలి. 100 గ్రాముల గుజ్జులో సుమారు 23 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి, అందులో అధిక భాగం చక్కెరలే.

ఒకేరోజు ఎక్కువ పండితే గుజ్జు తీసి దాచుకోవచ్చు. గుజ్జును గిన్నెలోకి తీసి, చెక్క కవ్వంతో మెల్లగా తిప్పితే గింజలు విడిపోతాయి, తర్వాత వెడల్పు కన్నుల జల్లెడలో వేసి చేత్తో రాయాలి. గింజలతో కలిపి మిక్సీలో వేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు. కిలో గుజ్జుకు ఒక నిమ్మకాయ రసం కలిపితే రంగు త్వరగా మారదు, చిన్న డబ్బాల్లో పెట్టి గడ్డకట్టిస్తే సంక్రాంతి దాకా పనికివస్తుంది. ఈ గుజ్జును పొయ్యి మీద ఉడికించకూడదు, వేడికి చేదెక్కుతుంది. పాలను సగానికి మరగకాచి, చక్కెర వేసి, పూర్తిగా చల్లారిన తర్వాతనే గుజ్జు కలపాలి. యాలకుల పొడి కూడా వేయనవసరం లేదు, ఈ పండు వాసనను మరే వాసనా మింగకూడదు.

గింజల విషయంలో జాగ్రత్త చాలా అవసరం. పిల్లలు పొరపాటున మింగిన గింజ గట్టి పెంకుతో అలాగే బయటికి పోతుంది గానీ, నలిగిన గింజలో విషపదార్థాలు ఉంటాయి. పేలకు మందుగా గింజల పొడిని తలకు పట్టించే పద్ధతి ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతిని తీవ్రమైన నొప్పి, చూపు మసకబారడం కలుగుతాయి. ఈ పద్ధతిని పూర్తిగా మానాలి. పొడి కంట్లో పడితే వెంటనే శుభ్రమైన నీటితో చాలాసేపు కడిగి కంటి డాక్టరు దగ్గరికి పోవాలి.

గ్రానైటు క్వారీలకు గుట్టలు కరిగిపోతున్న కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో, గుట్టతో పాటే దాని మీది సీతాఫలాలూ పోతున్నాయి. అందుకని పెద్ద పండ్ల గింజలను ఏరి, కడిగి, నీడన ఆరబెట్టి, గుడ్డ సంచిలో కట్టి పిల్లలకు అందని ఎత్తులో వేలాడదీయాలి. మిరుగు (మృగశిర కార్తె) వానలు పడ్డాక వాటిని ఒక రోజు నీళ్లలో నానబెట్టి, అనుమతి ఉన్న గుట్ట వాలులోనో, పొలం గట్టు మీదనో, బోరు దగ్గరి రాతి నేలలోనో అంగుళం లోతున, గుంటకు రెండు మూడు చొప్పున, నాలుగైదు మీటర్ల ఎడంతో వేయాలి. మొలక రావడానికి నెలకు పైగా పట్టవచ్చు కాబట్టి తొందరపడి తవ్వి చూడకూడదు. మొలిచాక బలమైన మొక్కను ఉంచి మిగిలినవి తీసేయాలి. మేకలు తినవు కనుక కంచె అక్కరలేదు, మొదటి ఎండాకాలం మాత్రం వారానికోసారి కడవెడు నీళ్లు పోసి, మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి కప్పాలి. మూడు నాలుగేళ్లకు ఆ చెట్టు కాపుకు వస్తుంది.