ముందు తడి, తర్వాతే ఎరువు

మొక్కకు వేసిన ఎరువు నీళ్లలో కరిగితేనే వేళ్లకు అందుతుంది. తడి తీరు బాగోలేని కుండీలో ఎంత మంచి ఎరువు వేసినా దండగే. ఆకు పసుపు రంగుకు తిరిగిందని ఎరువు డబ్బా మూత తీసే ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి.

వేలిని 2 అంగుళాల లోతుకు దించాలి. అక్కడ చల్లగా, తడిగా తగిలితే ఆ రోజుకు నీళ్లు వద్దు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువ కలిపిన కుండీల్లో పైపొర ఎండినట్టు కనిపించినా లోపల ముద్దగానే ఉంటుంది. వాటిని కొంచెం ఎత్తి, బరువును బట్టి తేల్చుకోవాలి. ‘రోజుకో మగ్గు’ లెక్క పెట్టుకుంటే ముసురు రోజున ఎక్కువవుతుంది, ఎండ రోజున చాలదు.

పోసేటప్పుడు అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా, నిదానంగా రెండు విడతలుగా పోయండి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు పైపొరలోనే ఉండిపోయి, ఒక్క ఎండకే మొక్క వాలిపోతుంది. పళ్లెంలో నిలిచిన నీటిని అరగంటలో పారబోయాలి. పోసిన మరుక్షణమే నీళ్లు కిందికి వచ్చేస్తే మట్టి తడిసిందనుకోవద్దు. బాగా ఎండిన మట్టి కుండీ గోడను వదిలేస్తుంది, నీళ్లు ఆ సందులోంచి జారిపోతాయి. అలాంటప్పుడు కుండీని బకెట్ నీళ్లలో అంచుదాకా దించి 20–30 నిమిషాలు ఉంచండి. బుడగలు ఆగాక తీసి, నీరు ఓడ్చేయండి.

నేలలోని కూరగాయల మడికి వాన లేనప్పుడు వారానికి చదరపు మీటరుకు 25 లీటర్లు సుమారు లెక్క. ఇసుక నేలైతే దాన్నే రెండు తడులుగా ఇవ్వాలి. పెద్ద చెట్లకు మాను మొదట్లో పోస్తే లాభం తక్కువ. కొమ్మల చివర్లు ఎక్కడికి వస్తాయో ఆ నీడ అంచున పాదు చేయండి. నీళ్లకు పొద్దున వేళ మంచిది. రాత్రంతా ఆకు తడిగా ఉంటే బూజు తెగుళ్లు పట్టుకుంటాయి.

మధ్యాహ్నం వాలి సాయంత్రానికి తేరుకునే మొక్క గురించి కంగారు అక్కర్లేదు. పొద్దున్నే వాలి ఉండి, మట్టి పొడిగా ఉంటే దాహం. మట్టి తడిగా ఉండి కూడా వాలిపోయిందంటే వేరుకుళ్లును అనుమానించాలి. అక్కడే చాలామంది ఇంకో మగ్గు పోసి మొక్కను చంపుతారు. నీటితో నిండిన మట్టిలో వేళ్లకు గాలి ఆడదు, ఊపిరాడని వేరు నీటిని పైకి పంపలేదు. మొక్కను కుండీలోంచి తీసి చూడండి. మంచి వేరు తెల్లగా, బిగువుగా ఉంటుంది. కుళ్లినదాన్ని పట్టుకుని లాగితే పైతొడుగు ఊడివచ్చి లోపలి దారం మిగులుతుంది. అలాంటి వేళ్లను కత్తిరించి, మొక్కను కొత్త మట్టిలో నాటాలి.

టమాటా కాయ అడుగున నల్లటి మచ్చ పడితే కాల్షియం లోపమంటారు. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది. ఒక రోజు బెట్ట, మరో రోజు వరద అయ్యేసరికి అది కాయదాకా చేరదు. తడిని నిలకడగా ఉంచి, పైన 2 అంగుళాల మందాన ఎండుటాకులు పరవండి. కాండానికి మాత్రం తగలనీయవద్దు.

ఇక ఎరువు. సంచి మీది 19-19-19 అంటే 100 గ్రాముల్లో నత్రజని 19 గ్రాములు, భాస్వరం, పొటాష్ కూడా (ఆక్సిజన్‌తో కలిసిన రూపంలో లెక్కిస్తే) ఒక్కొక్కటి అంతే. నీళ్లలో కరిగే ఈ రకాన్ని కుండీలకు లీటరుకు 1 గ్రాము చొప్పున కలిపి 15 రోజులకోసారి ఇస్తే చాలు. చెంచా కొలతలు నమ్మకుండా తూకం వేయండి. ఎండిన మట్టిలో ఎరువు నీళ్లు పోస్తే ఆ లవణాలు వేరులోని నీటినే బయటికి లాగుతాయి. కనుక ముందు మామూలు నీళ్లు, ఆ తర్వాతే ఎరువు. ఆకు కొసలు మాడి, మట్టి మీద తెల్లటి పొర కడితే మోతాదు మించినట్టే. కుండీ పరిమాణానికి రెండింతల నీళ్లు మెల్లగా పోసి ఉప్పును కడిగేయాలి.

వర్మీకంపోస్టుకు ఇంత జాగ్రత్త అవసరం లేదు. 12 అంగుళాల కుండీకి నెలకు రెండు గుప్పెళ్లు వేసి, పై మట్టిని గుల్ల చేసి కలపండి. పచ్చి పేడ మాత్రం వద్దు, అది చివికేటప్పుడు పుట్టే వేడి, అమ్మోనియా వేళ్లను మాడ్చేస్తాయి.

ముదురాకులు ముందుగా పాలిపోతే నత్రజని తక్కువైందని అర్థం. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు ఆకుపచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదు. మట్టి క్షారంగా ఉన్నా, వేళ్లు నీటిలో నానుతున్నా ఇలాగే ఉంటుంది. ఆకు దట్టంగా, పూత లేకుండా, చివుళ్లకు పేనుబంక పట్టి ఉంటే నత్రజని ఎక్కువైంది.

కుండీ మార్చిన మొక్కకు మూడు వారాలు రసాయన ఎరువు వద్దు. కాల్షియం నైట్రేట్‌ను భాస్వరమున్న ఎరువుతో చిక్కగా ఒకే బకెట్లో కలపకండి, తెల్లగా విరిగి అడుగున పేరుకుంటుంది. వేర్వేరు రోజుల్లో ఇవ్వండి.