1862 నాటి ఇన్‌స్పెక్షన్‌ని ఎనిమిదో తరగతిలో జరపడం ఎలా

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. బ్రిటిష్ కాలం నాటి చదువుల పాఠం వచ్చినప్పుడు మెకాలే, ఉడ్స్ డిస్పాచ్ (మన చదువుల మీద 1854లో లండన్ నుంచి వచ్చిన ఉత్తర్వు) అంటూ నాలుగు తేదీలు బోర్డు మీద రాసి వదిలేస్తే పిల్లలకు పరీక్ష దాటాక ఏమీ మిగలదు. బడికి డబ్బు ఎలా వచ్చేది, ఆ డబ్బు పంతులు చేత ఏం చేయించింది అన్నది వాళ్ల బుర్రకెక్కాలి. అందుకే ఇంగ్లండులో 1862లో మొదలైన పరీక్షను క్లాసులోనే జరిపిస్తాను. రెండు పీరియడ్లు పడుతుంది. వరుసగా దొరికితే మరీ మంచిది.

ముందు మీరు తెలుసుకోవలసింది కొంత ఉంది. బ్రిటిష్ పార్లమెంటు పేదపిల్లల బడుల కోసం 1833లో 20 వేల పౌండ్లు ఇచ్చింది. 1839లో ఇన్‌స్పెక్టర్లను పెట్టింది. 1861 వచ్చేసరికి ఏటా ఖర్చు 8 లక్షల పౌండ్లు దాటింది. ఇంత పోస్తున్నా చాలామంది పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు సరిగ్గా రావడం లేదని, బడుల స్థితి విచారించిన న్యూకాజిల్ కమిషన్ తేల్చింది. అప్పుడు విద్యాశాఖ బాధ్యత చూస్తున్న రాబర్ట్ లోవ్ ‘రివైజ్డ్ కోడ్’ అనే కొత్త గ్రాంటు నిబంధనలు తెచ్చాడు. వాటి ప్రకారం బడికి ఏడాది హాజరు సగటులో తలకి 4 షిల్లింగులు. ఆరేళ్లు దాటి, ఏడాదిలో 200 పూటలకు పైగా బడికి వచ్చిన పిల్లవాడు పరీక్షకు కూర్చుంటే ఇంకో 8 షిల్లింగులు. ఉదయం ఒక పూట, మధ్యాహ్నం ఒక పూటగా లెక్క. ఆ 8 షిల్లింగుల్లోంచి చదవడంలో తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు (షిల్లింగుకి 12 పెన్నీలు) కోత, రాయడంలో తప్పితే అంతే, లెక్కల్లో తప్పితే అంతే. మూడూ పోతే పరీక్ష డబ్బు సున్నా.

ఇక సామాను. 30 కార్డులు, పలకలు, బలపాలు, ఒకటో తరగతి వాచకం ఒకటి, మూడో తరగతిది ఒకటి, ఆ రోజు పేపరు, ఒక పెద్ద చార్టు. చార్టు మీద గళ్లు గీసి ఎడమ పక్క పేర్లు, వాటికెదురుగా చదవడం, రాయడం, లెక్కలు అని మూడు నిలువు వరుసలు పెట్టండి. ఇన్‌స్పెక్టర్లు నింపిన ఫారం ఇంచుమించు అలాగే ఉండేది.

కార్డుల విషయంలో గట్టిగా ఒక మాట చెప్తాను. మీ క్లాసు పిల్లల అసలు పేర్లతో, అసలు తెలివితో ఈ పని చేయకండి. చదవడం రాని పిల్లను అందరి ముందు నిలబెట్టి తప్పిందని చార్టు మీద గుర్తు పెడితే ఆ పిల్ల జన్మలో మరిచిపోదు. కార్డు మీద ఒక ఇంగ్లీషు పేరు, వయసు, హాజరు పూటలు, మూడు సబ్జెక్టుల్లో ఏది వస్తుందో ఏది రాదో మీరే రాసిపెట్టండి. ఉదాహరణకి: ‘ఆన్, తొమ్మిదేళ్లు, బంగాళదుంపలు తవ్వే రోజుల్లో బడికి రాదు, హాజరు 184 పూటలు’. ఇలాంటివి ఐదు పెట్టండి. చిట్టీలు తీసినట్టు ఎవరికి ఏది వస్తే అది. బాగా చదివే పిల్లకు తప్పే కార్డు రావడం ఆటకు చాలా మేలు చేస్తుంది.

కోడ్‌లో ఆరు స్టాండర్డులు, అంటే పరీక్షలో ఆరు మెట్లు. ఆరూ పెట్టక్కర్లేదు, మూడు చాలు. ఒకటో స్టాండర్డుకి చిన్న చిన్న మాటల కథ చదవాలి. మనకైతే ఒత్తులు లేని మాటలతో నాలుగు వాక్యాలు సరిపోతాయి. నాలుగో స్టాండర్డుకి వాచకంలో ఒక పేరా చదవాలి, అదే పుస్తకంలోంచి నిదానంగా చెప్పే వాక్యం పలక మీద రాయాలి, డబ్బు లెక్క ఒకటి చేయాలి. ఆరో స్టాండర్డుకి పేపరులో ఒక పేరా. నాలుగో స్టాండర్డు డబ్బు లెక్క మాత్రం అందరి చేతా చేయించండి. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. 3 పౌండ్ల 17 షిల్లింగుల 9 పెన్నీలకి 2 పౌండ్ల 14 షిల్లింగుల 8 పెన్నీలు కలపమనండి. అలవాటు కొద్దీ పదికి ఒకటి చొప్పున పక్కకి వేసేస్తారు. 9, 8 కలిస్తే 17 పెన్నీలు, అంటే 1 షిల్లింగు 5 పెన్నీలు. 17, 14, 1 కలిస్తే 32 షిల్లింగులు, అంటే 1 పౌండు 12. జవాబు 6 పౌండ్ల 12 షిల్లింగుల 5 పెన్నీలు. ఆ తికమకలో, ఇన్‌స్పెక్టరు నెత్తిన నిలబడి ఉంటే చిన్న పిల్లవాడికి ఎంత టెన్షనో వాళ్లకే తెలుస్తుంది.

ఇన్‌స్పెక్టరుగా నెమ్మదైన పిల్లను పెట్టండి. ఒక్కొక్కరినీ పిలిచి, పరీక్షించి, కార్డు చూసి గుర్తు పెట్టాలి. ఆ రోజు జ్వరంతో రాలేదని ఒక కార్డులో రాసి ఉంచండి. రాని పిల్లవాడి 8 షిల్లింగులు బడికి పోయినట్టే.

చివర లెక్క కట్టించండి. హాజరు సగటు 24 అనుకుంటే 96 షిల్లింగులు. 25 మంది పరీక్షకు కూర్చుంటే ఎక్కువలో ఎక్కువ 200. చదవడంలో 3, రాయడంలో 7, లెక్కల్లో 8 తప్పాయనుకోండి. 18 కోతలు, 48 షిల్లింగులు. మిగిలింది 152, హాజరుతో కలిపి 248 షిల్లింగులు, అంటే 12 పౌండ్ల 8 షిల్లింగులు. ఆ డబ్బు బడి యాజమాన్యం చేతికి వెళ్లేది, చాలాచోట్ల పంతులు జీతం దాన్ని బట్టే ఉండేది.

అసలు పాఠం రెండో పీరియడ్లో. చార్టు గోడకి తగిలించి, పిల్లల్ని ఐదారుగురు చొప్పున గుంపులు చేసి ఒకటే ప్రశ్న అడగండి: ‘మీరే పంతులు. పరీక్ష మూడు నెలల్లో ఉంది. సాయంత్రం ఎనిమిది మందికే విడిగా చెప్పగలరు. ఎవరిని తీసుకుంటారు?’ కాసేపు వాదించుకుంటారు. ఆ తర్వాత దాదాపు ప్రతి గుంపూ ఒకే పని చేస్తుంది: అన్నీ వచ్చినవాళ్లను వదిలేస్తుంది, ఏదీ రానివాళ్లను వదిలేస్తుంది, ఒక్క సబ్జెక్టు దగ్గర ఊగుతున్నవాళ్లను ఏరుకుంటుంది. 200 పూటలు నిండని ఆన్ ఏ జాబితాలోనూ ఉండదు. మా క్లాసులో ఒక అమ్మాయి లేచి, ‘మరి ఆన్‌కి ఎవరు చెప్తారు టీచర్?’ అంది. మీ క్లాసులో ఎవరూ అడగకపోతే మీరే అడగండి, జవాబు మాత్రం చెప్పకండి.

తర్వాత ఇంకో సంగతి. చదివే పరీక్ష బడిలో వాడే వాచకంలోంచే కాబట్టి ఆ పుస్తకాన్ని ఏడాదంతా బట్టీ పట్టించినవాళ్లు ఉన్నారు. దాన్ని చూపించడం తేలిక. పిల్లలందరికీ నోటికొచ్చిన పద్యం ఒకటి అచ్చులో ఇచ్చి, కాగితం తలకిందులుగా పట్టుకుని చదవమనండి. గడగడా చదివేస్తారు. మాథ్యూ ఆర్నాల్డ్ కవి, 35 ఏళ్లు ఇన్‌స్పెక్టరు కూడా. చదవడం, రాయడం నిజంగా రాకుండానే పిల్లల్ని ఈ పరీక్ష గట్టెక్కించవచ్చని తన రిపోర్టులో తెగేసి రాశాడు. చరిత్ర, భూగోళం వెనకబడిపోతున్నాయనీ బాధపడ్డాడు. డబ్బు రాని పాఠం ఎవరు చెప్తారు? ఈ పద్ధతిని 1890లో చాలావరకు సడలించి, 1897 నాటికి పూర్తిగా తీసేశారు.

మన సంగతీ చెప్పండి. 1854 ఉడ్స్ డిస్పాచ్ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఇన్‌స్పెక్టర్లు, గ్రాంట్లు వచ్చాయి. 1868 నుంచి ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇక్కడికీ పాకింది. అంతకుముందు నెలజీతం, గింజలు, దసరా మామూళ్ల మీద బతికిన మన వీధి బడి అయ్యవారికి ఇన్‌స్పెక్టరు రాక కొత్త గండం. ఇది చెప్పాక క్లాసు వెంటనే మనూరికి వచ్చేస్తుంది, ఆపకండి.

ఇంటి పని లాగ్‌బుక్ ఇవ్వండి. కోడ్ ప్రకారం హెడ్మాస్టరు బడిలో జరిగినవి ఒక పుస్తకంలో రాసి ఉంచాలి, అందులో సొంత అభిప్రాయాలు రాయకూడదు. పరీక్ష జరిగిన వారానికి ఐదు వాక్యాలు రాసుకు రమ్మనండి: వాన, కోతలు, తట్టు, ఎంతమంది వచ్చారు, ఎంతమంది తప్పారు. దిద్దేటప్పుడు ‘పాపం’, ‘అన్యాయం’ లాంటి మాటలున్న వాక్యాల కింద గీత గీసి, అదే సంగతిని ఆ మాట లేకుండా మళ్లీ రాయించండి.