ఊటీలో నీలగిరి క్లౌడెడ్ యెల్లో సీతాకోకచిలుకని చూడాలంటే

బెంగళూరు నుంచి ఊటీ సుమారు 270 కిలోమీటర్లు. బందీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. ఒక్కరోజులో చూసొచ్చేద్దామని బయల్దేరకండి, ముందురోజే వెళ్లి అక్కడ పడుకోండి. బెంగళూరులోని మారతహళ్లి నుంచి మేం మొదటిసారి వెళ్లినప్పుడు మధ్యాహ్నం రెండైంది, కొండంతా మబ్బు కమ్మేసింది. మా అమ్మాయి గడ్డిలో ఎంత వెతికినా ఒక్కటీ కనబడలేదు. ఎండ లేకపోతే ఇది ఎగరదని నాకు అప్పటికి తెలియదు.

బెంగళూరు కబ్బన్ పార్కులో తిరిగే పసుపు సీతాకోకచిలుకలు వేరు. ఇది నీలగిరి, పళని లాంటి పశ్చిమ కనుమల ఎత్తైన కొండల్లో, షోలా అనే గుబురైన పొట్టి కొండ అడవుల పక్కనుండే గడ్డి మైదానాల్లోనే బతుకుతుంది. కాబట్టి చెట్లున్నచోట కాదు, గడ్డి ఉన్నచోట ఆగండి. మనం నీలగిరి చెట్టు అని పిలిచే యూకలిప్టస్ అసలు ఆస్ట్రేలియాది. దాన్నీ, వాటిల్ అనే తుమ్మజాతి చెట్లనీ, తేయాకునీ నాటి ఈ గడ్డినేలను చాలావరకు మింగేశారు. అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మంచు విడిచి ఎండ పడ్డాక, తూర్పు వాలున కూర్చోండి. వెంటపడొద్దు. గడ్డిని ఒరుసుకుంటూ వేగంగా ఎగురుతుంది, మనం అందుకోలేం. మబ్బు అడ్డొస్తే టక్కున వాలిపోతుంది. ఎక్కడ వాలిందో గుర్తుపెట్టుకుని, మీ నీడ దాని మీద పడకుండా నెమ్మదిగా వెళ్లండి.

రెండోసారి వెళ్లినప్పుడు నాకు రెండడుగుల దూరంలో ఒకటి వాలింది. రెక్కలు మూసేసింది. వాలినప్పుడు ఇవి రెక్కలు విప్పవు. మబ్బు తొలగగానే మెల్లగా ఒక పక్కకి ఒరిగి, అప్పడం ఎండబెట్టినట్టు రెక్కని పూర్తిగా ఎండకి పెట్టింది. గడ్డి మీద దాని నీడ వెడల్పుగా పరుచుకుంది. రెక్కల అంచున సన్నటి గులాబీ రంగు, మీసాలూ గులాబీయే. చలికొండ మీద ఒళ్లు వెచ్చబడితేగానీ ఎగిరే కండరాలు పనిచేయవు, అందుకే ఈ ఒరగడం. మబ్బు విడిచిన మొదటి నిమిషంలోనే మీ ఫొటో తీసుకోండి, వేడెక్కిందంటే లేచిపోతుంది.

చివరగా, నేల మీద పాకే మూడాకుల చిన్న మొక్కల్ని తొక్కకండి. చిక్కుడు కుటుంబానికి చెందిన అలాంటి మొక్కల మీదే ఇది ఒక్కొక్క గుడ్డే పెడుతుంది.